పోయిందని వెంటనే, వచ్చిందని నిదానంగా

మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కుప్పానికి ఇంటర్నెట్ చేర్చడానికి మేం రెండు దారులు పెట్టుకున్నాం. ఒకటి మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా 42వ నంబరు జాతీయ రహదారి వెంబడి వెళ్లే ఫైబర్. రెండోది బెంగళూరు మీదుగా చుట్టు తిరిగే అద్దె లైను. ఒకటి తెగితే రౌటర్లు వాటంతట అవే రెండోదానికి మళ్లుతాయి కాబట్టి ఇక దిగులు లేదని చాలాకాలం నమ్మాను. ఆ నమ్మకంలో ఉండి రెండు తప్పులు చేశాను. చిన్న ఊళ్లలో నెట్‌వర్క్ నడిపే సోదరులకు పనికొస్తాయని రాస్తున్నాను.

మా రౌటర్లు మాట్లాడుకునేది ఓఎస్‌పీఎఫ్‌లో. జాన్ మోయ్ రాసిన ఆర్ఎఫ్‌సీ 2328 రూపంలో 1998 నుంచీ వాడుకలో ఉన్న ప్రోటోకాల్ ఇది. పక్కపక్క రౌటర్లు సాధారణంగా 10 సెకన్లకోసారి హలో ప్యాకెట్లు పంపుకుంటాయి. 40 సెకన్లపాటు అవతలి నుంచి హలో రాకపోతే ఆ పొరుగు రౌటర్ పోయినట్టు లెక్క. ఆ కబురు అన్ని రౌటర్లకూ పాకుతుంది. డైక్‌స్ట్రా 1959లో ప్రచురించిన పద్ధతిలో ప్రతి రౌటరూ దగ్గరి దారుల్ని మళ్లీ లెక్క కట్టుకుంటుంది. అన్నిటి లెక్కా ఒక్కటైతే నెట్‌వర్క్ కన్వర్జ్ అయిందంటాం. మాలాంటి చిన్న నెట్‌వర్క్‌లో కబురు పాకడానికీ, లెక్కకీ పట్టేది కొద్దిసేపే. అసలు ఆలస్యమంతా లైను తెగిందని తెలుసుకోవడంలోనే.

ఫైబర్ నేరుగా రౌటర్‌లోనే దిగితే ఆ ఆలస్యమూ ఉండదు. తెగిన క్షణమే వెలుగు ఆగిపోతుంది, పోర్టు పడిపోతుంది, రౌటర్ హలో కోసం కాచుకోకుండా దారి మారుస్తుంది. నేను దీన్నే నమ్ముకున్నాను. మదనపల్లెలో రౌటర్ పోర్టులోంచి కేబుల్ పీకి చూశాను. కుప్పం ట్రాఫిక్ వెంటనే బెంగళూరు దారి పట్టింది. అంతటితో పరీక్ష ముగించాను.

నా మొదటి తప్పు ఆ పరీక్షే. మదనపల్లె, పుంగనూరు మధ్య లైనుకు రెండు చివరలా మీడియా కన్వర్టర్లున్నాయి. ఫైబర్‌లో వచ్చే వెలుగును రాగి కేబుల్‌లోకి మార్చే చిన్న పెట్టెలివి. రోడ్డు పనిలో జేసీబీ ఫైబర్‌ను తెంపిన రోజు కన్వర్టర్ మీద ఫైబర్ లైటు ఆరిపోయింది. పక్కనున్న రాగి పోర్టు లైటు మాత్రం పచ్చగా వెలుగుతూనే ఉంది. రౌటర్‌కు తెలిసేది ఆ రాగి పోర్టు సంగతే. లైను బాగుందనుకుని 40 సెకన్లు ప్యాకెట్లన్నిటినీ తెగిన ఫైబర్ వైపే పంపింది. హలో కోసం కాచుకునే ఆ గడువు, అంటే డెడ్ టైమర్, అయిపోయాకే లాగ్‌లో నైబర్ డౌన్ అని పడింది. అదే సమయంలో కుప్పంలో ఆన్‌లైన్ పరీక్ష రాస్తున్న పిల్లలు కొందరు లాగౌట్ అయిపోయారు. వాళ్లకు ఆ 40 సెకన్లు చిన్న సంగతి కాదు.

కన్వర్టర్ పక్కన గోటితో జరిపే బుల్లి స్విచ్‌ల వరుస ఉంది. ఫైబర్ పోతే రాగి పోర్టునూ దించేసే స్విచ్ అందులో ఒకటి. బిగించేటప్పుడు దాన్ని ఆఫ్‌లోనే వదిలేశాను. దాంతోపాటు వచ్చిన కాగితం చదివి ఉంటే ఆ రోజు ఆ పిల్లలకు ఇబ్బంది ఉండేది కాదు.

ఆ బాధలో రెండో తప్పు చేశాను. ఆ స్విచ్ ఆన్ చేసి ఊరుకోకుండా, ఎంత త్వరగా కనిపెడితే అంత మంచిదని బీఎఫ్‌డీ పెట్టాను. డేవ్ కాట్జ్, డేవ్ వార్డ్ రాసిన ఈ ప్రోటోకాల్ 2010లో ఆర్ఎఫ్‌సీ 5880గా వచ్చింది. లైను బతికుందో లేదో మిల్లీసెకన్ల లెక్కన కనిపెట్టి ఓఎస్‌పీఎఫ్‌కు చెప్పడమే దాని పని. నేను 50 మిల్లీసెకన్లకో ప్యాకెట్ చొప్పున, మూడు రాకపోతే లైను పోయినట్టని పెట్టాను. అంటే 150 మిల్లీసెకన్లు. మా రౌటర్లలో బీఎఫ్‌డీకి వేరే చిప్ లేదు, ఆ పనీ సీపీయూదే. రాత్రి బ్యాకప్ తీసే వేళ సీపీయూకు ఊపిరాడక ప్యాకెట్లు ఆలస్యమయ్యేవి. పక్క రౌటర్ లైను పోయిందని నిర్ణయించేసేది. నిజానికి ఆ వేళ లైనుకు ఏమీ కాలేదు.

గాలివాన వచ్చిన రాత్రి ఇంకా కష్టమైంది. జేసీబీ తెంపిన చోట తాత్కాలికంగా స్తంభాల మీద వేలాడదీసిన ముక్కలో జాయింటు సరిగా అతకలేదు. కేబుల్ ఊగినప్పుడల్లా వెలుగు పోతూ వస్తూ ఉంది. పోయినప్పుడు అన్ని రౌటర్లకూ ఒక లెక్క, వచ్చినప్పుడు మరో లెక్క. మదనపల్లె లైను పోయిందని తెలిసిన పుంగనూరు రౌటర్ ప్యాకెట్‌ను పలమనేరుకు పంపేది. ఇంకా పాత లెక్కలోనే ఉన్న పలమనేరు దాన్ని పుంగనూరుకే తిప్పి పంపేది. ట్రేస్‌రూట్ నిండా పుంగనూరు, పలమనేరు, పుంగనూరు, పలమనేరు. పూర్తిగా తెగిన లైనుతో కుప్పం 40 సెకన్లు ఇబ్బంది పడింది. సగం బతికిన లైనుతో రాత్రంతా ఇబ్బంది పడింది.

ఈ జబ్బు పెద్ద నెట్‌వర్కులకు ఏనాడో తెలుసు. పెద్ద నెట్‌వర్కులు ఒకదానికొకటి దారులు చెప్పుకునే ప్రోటోకాల్ బీజీపీలో పదేపదే పడి లేచే దారికి జరిమానా మార్కులు వేసి, హద్దు దాటితే కొంతసేపు పక్కన పెట్టే పద్ధతిని ఆర్ఎఫ్‌సీ 2439 1998లోనే చెప్పింది. జ్వరం తగ్గిన పూటే పిల్లవాణ్ణి బడికి పంపం, ఒకటి రెండు రోజులు చూస్తాం. లైను విషయంలోనూ అదే చేయాలని నాకు ఆ గాలివాన రాత్రి తర్వాతే తెలిసొచ్చింది.

ఇప్పుడు బీఎఫ్‌డీ 300 మిల్లీసెకన్లు, మూడు తప్పితే డౌన్. సెకనులోపే తెలిసిపోతుంది, సీపీయూకూ భారం లేదు. పడిన లైను తిరిగి లేస్తే 60 సెకన్లు నిలకడగా ఉన్నాకే ట్రాఫిక్ దాని మీదకు వస్తుంది. దారి లెక్క మొదటిసారి వెంటనే జరుగుతుంది, మార్పులు వరసగా వస్తుంటే ఎడం పెరుగుతూ పోతుంది. ఆ జాయింటునూ తీయించి మళ్లీ స్ప్లైసింగ్ చేయించాం. టైమర్లు ఎంత సరిచేసినా పాడు జాయింటు పాడు జాయింటే.

పరీక్ష చేసే తీరూ మార్చాను. రౌటర్ దగ్గర కేబుల్ పీకడం కాదు, లైను మధ్యలో విప్పాలి. పంపే పోగు, అందుకునే పోగు వేర్వేరు కాబట్టి ముందు ఒక్కటే విప్పాలి, తర్వాత రెండూ. కుప్పం నుంచి పింగ్ నడుపుతూ ఎన్ని ప్యాకెట్లు పోయాయో రాసుకోవాలి.

నెట్‌వర్క్ నడిపే ప్రతి ఒక్కరికీ నా మనవి ఒకటే. లైను పోయిందని ఒక్క సెకనులో నమ్మండి, తిరిగొచ్చిందని నమ్మడానికి మాత్రం ఒక నిమిషం తీసుకోండి. మీ రెండో దారి నిజంగా పనిచేస్తుందో లేదో, కస్టమర్లకు ముందే చెప్పి, ఒక రాత్రి మీ చేతులతో మీరే లైను విప్పి చూసుకోండి. జేసీబీ వచ్చేదాకా ఆగకండి.