హాస్టల్ జలుబులో పాత కరోనాలు

పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. సంక్రాంతి సెలవులకి మీరంతా ఊళ్లకి బయల్దేరేలోపే ఇది పెట్టాలనుకున్నాం.

మేమంతా ఆశ్రమ పాఠశాలల్లో చదువుకుని వచ్చినవాళ్లమే. మాలో కొందరు ఇప్పుడు నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో ఉన్నారు. డిసెంబరు చలికి కిటికీలన్నీ మూసుకుని, పక్కపక్కనే పడుకునే డార్మిటరీ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఒకరు దగ్గడం మొదలుపెడితే వారం తిరిగేసరికి గదంతా దగ్గే. ఇదివరకు దాన్ని ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. కోవిడ్ తర్వాత మాత్రం దగ్గితే చాలు, అనుమానంగా చూస్తున్నారు. ఒక హాస్టల్లో దగ్గుతున్న చెల్లిని "కరోనా" అని పిలిచి, కంచం దూరంగా పెట్టించారు. టెస్టు నెగెటివ్ వచ్చాక కూడా ఆ పేరు పోలేదు. మాకు చాలా బాధేసింది.

నిజానికి ఆ చెల్లికి వచ్చింది కరోనా వైరస్సే అయినా అయ్యుండొచ్చు. కాకపోతే కోవిడ్ తెచ్చేది కాదు, పాతవి. జలుబు తెచ్చే కరోనాలు నాలుగున్నాయి: 229ఇ, ఓసీ43, ఎన్‌ఎల్63, హెచ్‌కేయూ1. మామూలు కోవిడ్ టెస్టులో ఇవి దొరకవు. మనలో దాదాపు అందరికీ చిన్నప్పుడే ఇవి వచ్చి పోయుంటాయి. అన్ని జలుబులకీ ఇవే కారణం కాదు, రైనోవైరస్‌ల వాటా ఎక్కువ.

వీటి చరిత్రలో మనలాంటి హాస్టల్ పిల్లోడు ఒకడున్నాడు. ఇంగ్లండులో ఒక బోర్డింగ్ స్కూలు కుర్రాడికి జలుబు చేస్తే వాడి ముక్కులోంచి తీసిన నమూనాలో బి814 అనే కొత్త వైరస్ దొరికింది. 1965లో టిరెల్, బైనో దాని గురించి రాశారు. 229ఇ దొరికింది కూడా విద్యార్థుల దగ్గరే, షికాగోలో మెడిసిన్ చదివేవాళ్ల జలుబులోంచి. బి814ని, 229ఇని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూపించింది జూన్ అల్మీడా. గ్లాస్గోలో బస్సు డ్రైవరు కూతురు. కాలేజీకి డబ్బుల్లేక 16 ఏళ్లకే బడి మానేసి ల్యాబ్‌లో పనికి చేరింది. (ఆమె గురించి వేరే పోస్టే రాయాలి.) వైరస్ చుట్టూ కిరీటంలాంటి అంచు కనిపించడంతో 1968లో కరోనా అని పేరు పెట్టారు. అంటే ఆ పేరు మన తాతల కాలం నుంచే ఉంది.

ఈ వైరస్ ముక్కు, గొంతు లోపలి పొరలో చేరి పెరుగుతుంది. రెండు మూడు రోజులకి ముక్కు కారడం, గొంతు నొప్పి, దగ్గు, ఒక్కోసారి జ్వరం. వారంలో తగ్గిపోతుంది. ఒంట్లో వచ్చే రక్షణ ఎక్కువ కాలం నిలవదు, అందుకే అదే వైరస్ మళ్లీ మళ్లీ వస్తుంది. యాంటీబయాటిక్ దీనిమీద పనిచేయదు. మామూలు జలుబుకి ఊళ్లో వేసే ఇంజెక్షన్‌కి పెట్టే డబ్బు దండగే అని మా అభిప్రాయం.

మనకి చిన్నదే. కానీ దాన్ని బస్సెక్కించి ఎవరి దగ్గరికి తీసుకెళ్తున్నాం? 2003లో కెనడాలో ఒక వృద్ధుల ఆశ్రమంలో ఈ ఓసీ43 పాకితే మొదట సార్స్ అనుకుని హడలిపోయారు. కొందరు పెద్దవాళ్లు చనిపోయారు కూడా. ఎన్‌ఎల్63ని మొదట గుర్తించింది నెదర్లాండ్స్‌లో ఊపిరాడక ఇబ్బందిపడిన ఏడు నెలల పాపలో. చిన్నపిల్లలకి కుక్క మొరిగినట్టు వచ్చే దగ్గుకి అదీ ఒక కారణం. మన ఇళ్లలో ఒకే గదిలో నెలల పాప, ఉబ్బసం ఉన్న అవ్వ, పొయ్యి పొగ అన్నీ ఉంటాయి.

అందుకే జలుబుతో ఇంటికెళ్తే నాలుగు రోజులు పాపని ఎత్తుకోకండి, ముద్దులాడకండి. అవ్వకి దూరంగా పడుకోండి. మూతికి తువ్వాలు కట్టుకోండి, చేతులు సబ్బుతో కడగండి. అమ్మకే జలుబు చేసినా పాలివ్వడం మాత్రం ఆపొద్దని చెప్పండి.

పాపకి దగ్గు మొదలైతే ఏ వైరస్సో అని తల బద్దలు కొట్టుకోవద్దు, ఊపిరి లెక్కపెట్టండి. ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి, ఫోన్‌లో టైమ్ చూస్తూ నిండా ఒక నిమిషం. రెండు నెలల్లోపు పాపకి 60, ఏడాదిలోపు 50, ఐదేళ్లలోపు 40. ఆ లెక్కకి చేరినా, దాటినా వెంటనే పీహెచ్‌సీకి తీసుకెళ్లాలి. డొక్కలు ఎగరేస్తున్నా, పాలు తాగకపోయినా, పెదాలు నీలంగా మారినా లెక్కతో పనిలేదు, 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేని ఊరైతే ఏ గుట్టెక్కితే ఫోన్ కలుస్తుందో, మోసుకెళ్లడానికి ఎవరొస్తారో పగలే మాట్లాడి ఉంచుకోండి.

సికిల్ సెల్ ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు మాత్రం జలుబుతోపాటు జ్వరమో, ఛాతీ నొప్పో, ఆయాసమో వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. వాళ్లకి ఊపిరితిత్తుల్లో ప్రమాదం గంటల్లోనే ముదురుతుంది. మీ సికిల్ సెల్ కార్డు ట్రంకు పెట్టెలో వదిలేసి రాకండి, బట్టల సంచిలో పెట్టుకోండి.