చదివితే, చదివితేనే, చదివినా

పోటీ పరీక్షలలో తార్కిక వివేచన అనే భాగం వొకటి వుంటుంది. అందులో షరతు వాక్యాలకు పెద్దపీట. “ఇది జరిగితే అది జరుగుతుంది” అని వొక వాక్యం యిచ్చి, దాన్నిబట్టి యేది తేలుతుందో, యేది తేలదో చెప్పమంటారు. నేను తెలుగు సాహిత్యం చెప్పే ఉపన్యాసకుణ్ణి. అయినా విద్యార్థులు యీ ప్రశ్నలు పట్టుకుని నా దగ్గరకు వస్తూ వుంటారు. అందులో వింత లేదు. షరతు ముందు భాషకు చెందింది, ఆ తర్వాతనే గణితానికి. మన వ్యాకర్తలు దానికి చేదర్థకమని పేరు కూడా పెట్టారు.

సూత్రం చిన్నదే. “వాన కురిస్తే వాకిలి తడుస్తుంది” అన్నామనుకోండి. వాన కురిసిందంటే వాకిలి తడిసినట్టే. వాకిలి తడవలేదంటే వాన కురవనట్టే. యీ రెండే తేలతాయి. వాకిలి తడిసివుంది గనుక వాన కురిసిందనరాదు. యెవరో కల్లాపి చల్లివుండవచ్చు. వాన కురవలేదు గనుక వాకిలి పొడిగా వుందనీ అనరాదు, కారణం అదే. పొగ వున్నచోట నిప్పు వుంటుందిగాని, నిప్పు వున్నచోటల్లా పొగ వుండదని మన తార్కికులు యేనాడో చెప్పారు. అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవారికి యెర్రగా కాలిన యినుపగుండు పాత పరిచయమే. అందులో నిప్పు వుంది, పొగ లేదు.

యింత చిన్న సూత్రం దగ్గర చదువుకున్నవాళ్లు కూడా యెందుకు తడబడతారు? 1966లో పీటర్ వేసన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ప్రకటించిన పరీక్షను మన అక్షరాలలోకి మార్చి చెబుతాను. బల్లమీద నాలుగు కార్డులు. పైకి కనిపించేవి అ, క, 4, 7. వొకవైపు అచ్చు వుంటే రెండోవైపు సరిసంఖ్య వుండాలని నియమం. నియమం పాటించారో లేదో తేల్చడానికి యే కార్డులు తిప్పాలి? చాలామంది ‘అ’ను, 4ను తిప్పుతారు. తిప్పవలసినవి ‘అ’, 7. నాలుగు వెనక హల్లు వున్నా నియమానికి భంగం లేదు. ఏడు వెనక అచ్చు వుంటే భంగం. 1982లో గ్రిగ్స్, కాక్స్ అనే యిద్దరు అమెరికాలో యిదే ప్రశ్నను బీరు తాగడానికి వుండవలసిన వయసు గురించి అడిగితే, విద్యార్థులలో నలుగురికి దాదాపు ముగ్గురు సరిగ్గా చెప్పారు. తెలివి మారలేదు, ప్రశ్న బతుకులోకి వచ్చిందంతే.

అందుచేత నేను సంకేతాలతో మొదలుపెట్టను, క్రియారూపాలతో మొదలుపెడతాను. ‘చదివితే’ అన్నది చాలినంత కారణాన్ని చెబుతుంది. ‘చదివితేనే’ అన్నది తప్పనిసరి కారణాన్ని చెబుతుంది. “డిగ్రీ వుంటేనే దరఖాస్తు తీసుకుంటారు” అంటే డిగ్రీ వున్నవాళ్లందరి దరఖాస్తూ తీసుకుంటారని కాదు. ఆ వొక్క ‘ఏ’కారం వాక్యాన్ని తలకిందులు చేస్తుంది. నోటిమాటలో ‘తే’ అంటూనే ‘తేనే’ అన్న అర్థాన్నీ కలుపుకుంటాం. “అన్నం తింటే ఆడుకోనిస్తాను” అని తల్లి అన్నప్పుడు, తినకపోతే ఆట లేదని పిల్లవాడికి తెలుసు. పరీక్ష ఆ అలవాటును తప్పుగా లెక్కిస్తుంది. అది తెలివితక్కువతనం మాత్రం కాదు.

యీ సూత్రాలలో ఆరితేరిన విద్యార్థి వొకడు, మూడోసారి ఉద్యోగం చేజారాక నాతో అన్నాడు: “కష్టపడితే ఉద్యోగం వస్తుందని మా శిక్షణ కేంద్రం గోడమీద రాసివుంది మాస్టారూ. నాకు రాలేదు. కాబట్టి నేను కష్టపడలేదన్నమాట. సూత్రం ప్రకారం సరిపోయింది గదా?”

సరిపోయింది. పరీక్షలో ఆ జవాబుకు పూర్తి మార్కులు వేయాలి. కాని ఆ కుర్రవాడు పగలు కిరాణాకొట్లో లెక్కలు రాసి, రాత్రిళ్లు చదివినవాడు. కష్టపడలేదన్న మాట పచ్చి అబద్ధం. తర్కం సరిగా నడిచి నిర్ణయం అబద్ధమైనప్పుడు దోషం మొదటి వాక్యంలోనే వుండాలి. 100 ఉద్యోగాలకు 1,000 మంది కష్టపడితే 900 మందికి రాదు. తీసివేత చాలు యిది తెలుసుకోవడానికి. ఆ గోడమీది వాక్యానికి యెక్కువలో యెక్కువ ‘కష్టపడితేనే’ అనే అర్హత వుంది. ‘తేనే’ను ‘తే’గా రాసి అమ్ముకుంటున్నారు. కొలువుల కొరత సంగతి దాని చాటున దాక్కుంటోంది, నేరం కుర్రవాడి నెత్తిన పడుతోంది.

యిచ్చిన వాక్యాలు లోకవిరుద్ధంగా తోచినా సత్యమని స్వీకరించండి అని ప్రశ్నపత్రాలలో సూచన వుంటుంది. పరీక్షకు ఆ కట్టుబాటు అవసరమే; అది లేకపోతే వాక్యాల మధ్య సంబంధాన్ని విడిగా పరీక్షించలేం. పుట్టిననాటినుంచీ యెవరో యిచ్చిన వాక్యాలను ఒప్పుకుంటూ వచ్చిన పిల్లలకు మాత్రం అదే జీవితసూత్రమైపోయే ప్రమాదముంది.

మన వ్యాకరణంలో మరో రూపముంది, అప్యర్థకం: చదివినా, కష్టపడినా. “కష్టపడినా రాలేదు” అన్న వాక్యం ఏడుపు కాదు, సాకు అంతకన్నా కాదు; “కష్టపడితే వస్తుంది” అన్నదానికి అది సూటి ఖండన. ఆ కుర్రవాడికి నేను చెప్పింది యిదే. హాల్లో కూర్చున్నంతసేపూ యిచ్చిన వాక్యాన్ని ఒప్పుకుని జవాబు రాయి. బయటికి వచ్చాక ఆ వాక్యం యిచ్చినవాళ్లెవరో, యెందుకిచ్చారో అడుగు. వొంటరిగా కాక, ‘కష్టపడినా’ అని చెప్పగలవాళ్లందరితో కలిసి అడుగు.