12 జీబీ

మొదటిసారి 512 తర్వాత ‘ఎం’ అనే అక్షరం మర్చిపోయాను. జావా వర్చువల్ మెషీన్‌కి 512 ఎంబీ ఇద్దామనుకుని 512 బైట్లు ఇచ్చానన్నమాట. ఆ మహాతల్లి అసలు లేవనే లేదు. హీప్ మరీ చిన్నదని ఒక్క లైన్లో చెప్పి తలుపేసుకుంది. మొదట్లోనే తిట్టేవాళ్లంటే నాకు నమ్మకం.

ఆ నమ్మకంతోనే ఒక శుక్రవారం సాయంత్రం, 8 జీబీ ర్యామ్ ఉన్న సర్వర్లో ఎక్స్‌ఎమ్‌ఎక్స్ 12 జీబీ అని రాసి ఇంటికెళ్లిపోయాను. (నా తలలో ఆ ర్యామ్ 16. చూసుకోలేదు.) జావా కిక్కురుమనలేదు. అంకె బాగుంది, పక్కన అక్షరం ఉంది, 64 బిట్ అడ్రస్ స్పేస్‌లో 12 జీబీ ఓ మూలకి సరిపోతుంది. ఇంట్లో బియ్యం ఉన్నాయా లేదా అన్నది అది చూడదు.

లినక్స్‌ది పెళ్లి భోజనాల లెక్క. వెయ్యి శుభలేఖలు పంచి ఆరొందల మందికి వండిస్తాం, పిలిచినవాళ్లంతా రారులే అని. ప్రోగ్రాం ఎంత మెమరీ అడిగినా దాదాపుగా సరే అంటుంది. ఆ పేజీల్లో నిజంగా ఏదైనా రాసినప్పుడే ర్యామ్ తీసిస్తుంది. అందరూ ఒకే పంక్తికి వచ్చేస్తే ఎవరో ఒకర్ని లేపేస్తుంది. ఆ పని చేసేదాని పేరు ఓఓఎం కిల్లర్. పేరులో మొహమాటమేం లేదు.

శనివారం రాత్రి 2 గంటలకి మా జావాని లేపేసింది. జావా లాగ్‌లో ఎర్రర్ కూడా లేదు, మామూలు లైన్ల మధ్య ఆగిపోయి ఉంది. డ్యూటీలో ఉన్న కుర్రాడు చేరి రెండు నెలలు. మూడుసార్లు స్టార్ట్ చేశాడు, మూడుసార్లూ పోయింది. సోమవారం కాల్‌లో అందరూ వాణ్ణే అడిగారు, చెక్ చేయకుండా రీస్టార్ట్ ఎందుకు చేశావని. నేను కెమెరా ఆపేసి కెర్నెల్ లాగ్ చూస్తున్నాను. కిల్డ్ ప్రాసెస్, జావా. పక్క విండోలో నా 12. ‘అన్నా, నాకేం అర్థం కావట్లేదు’ అని వాడు చాట్‌లో నాకే పెట్టాడు. మైక్ ఆన్ చేయడానికి నాకు ఐదు నిమిషాలు పట్టింది. చెప్పాను. కానీ ఆ ఐదు నిమిషాలూ వాడొక్కడే తిట్లు తిన్నాడు.

ఆ వారమే స్టార్టప్ స్క్రిప్ట్‌లో నాలుగు లైన్లు చేర్చాను. మెషీన్ మొత్తం ర్యామ్ ఎంతో చదివి, అడిగిన హీప్ అందులో 70 శాతం దాటితే జావాని స్టార్ట్ చేయనివ్వదు. థ్రెడ్ల స్టాక్‌లూ మెటాస్పేసూ హీప్ బయట తినేవే కదా. కంటైనర్లకి మారాక ఆ చెక్ కూడా మోసపోయింది. లోపల్నుంచి చూస్తే ఆ ఫైల్లో కనిపించేది బయటి మెషీన్ ర్యామ్. సీగ్రూప్ లిమిట్ చదివేలా మార్చింది వాడే. ఎర్రర్ మెసేజ్ కూడా వాడే రాశాడు: ‘అన్నా, ఇక్కడ అంత లేదు.’