కలావ్‌కి బస్సులో, ఇన్లేకి కాళ్లమీద

నడిచాం! అరవై కిలోమీటర్లు! మూడు పగళ్లు, రెండు రాత్రులు, నలుగురం. మయన్మార్‌లో, యాంగోన్ నగరం బోటాటౌంగ్‌లో మా లిఫ్టు లేని ఇంటి నాలుగో అంతస్తు ఎక్కి గుమ్మం పట్టుకుని రొప్పే ఆ నలుగురమే. ఆఫీసులో అందరికీ రెండేసిసార్లు చెప్పేశాను. నేను వస్తుంటే టీ కప్పులతో జారుకునేవాళ్లు.

యాంగోన్‌లో మా నడకంటే ఆదివారం సాయంత్రం బోటాటౌంగ్ పగోడా, ఆ పక్కనే నది ఒడ్డు. పేరు మాత్రం ఘనం: 'బో' అంటే సేనాని, 'తథౌంగ్' అంటే వెయ్యి. బుద్ధుడి కేశాలు మన దేశం నుంచి ఈ ఒడ్డుకి చేరినప్పుడు వెయ్యిమంది సేనానులు కాపు కాశారని కథ. 1943లో బాంబులు పడి కూలిపోతే మళ్లీ కట్టారు, ఈసారి లోపల మనుషులు తిరిగేలా బోలుగా. బంగారు గోడల మధ్య మెలికలు తిరిగే ఆ సందే అప్పటిదాకా నేను చేసిన పెద్ద ట్రెక్కింగ్.

2018 డిసెంబర్‌లో మా శ్రీకాకుళం బావ (ఊళ్లో తెలుగువాళ్లందరికీ ఆయన బావే) షాన్ కొండల్లో కలావ్ నుంచి ఇన్లే సరస్సుదాకా నడుద్దామన్నాడు. రాత్రంతా బస్సు. తెల్లారేసరికి పదమూడు వందల మీటర్ల ఎత్తున, పైన్ చెట్ల కింద, పళ్లు టకటకలాడించే చలిలో దిగాం. మా కాళ్లకి కొత్త బూట్లు. మా గైడు, దనూ తెగ అమ్మాయి, హవాయి చెప్పుల్లో వచ్చింది. మా బూట్లు చూసి నవ్వింది. సాయంత్రానికి మా మడమల బొబ్బలు చూసి నవ్వలేదు, పాపం.

తేయాకు తోటలు, అల్లం చేలు, తర్వాత రైలుపట్టాలు. అవును, పట్టాల మీదే! స్లీపరుకో అడుగు వేస్తూ మింధైక్ అనే చిన్న స్టేషన్‌దాకా. దారిలో ఒకరింట్లో లపే పెట్టారు. ఊరబెట్టిన తేయాకులో వేయించిన చిక్కుడు గింజలు, వెల్లుల్లి, నువ్వులు, వేరుశనగపప్పు. టీ తాగడం తప్ప తినడం తెలియని జన్మ నాది! మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాను.

రెండోరోజు మధ్యాహ్నం ఒక పవో తెగవాళ్ల ఊళ్లో ఇంటిముందు చాపల నిండా ఎర్రగా మిరపకాయలు. మా గుంటూరువాడు ఆగిపోయాడు. పొద్దుట్నుంచీ మోకాళ్లు వంగట్లేదని ఏడుస్తున్నవాడు చటుక్కున గొంతుక్కూర్చుని, ఒక కాయ తొడిమ విరిచి, వాసన చూసి, కొరికాడు. "రంగుంది. ఘాటు లేదు." చాపకి అవతల నల్లబట్టల్లో, తలకి నారింజరంగు తువ్వాలు చుట్టుకుని ఒక పెద్దావిడ కాయలు ఏరుతోంది. వీడు తెల్లబారిన కాయొకటి తీసి చూపిస్తూ "తాలు" అన్నాడు. ఆవిడ తన భాషలో ఏదో అని, ఆ కాయ అందుకుని పక్కనున్న గంపలో పడేసింది. గంప నిండా తాలుకాయలే! ఇంక చూడండి, ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని అరగంట తాలు ఏరారు. ఒకరి మాట ఒకరికి ముక్క తెలియదు. మధ్యలో వీడు వదిలేసిన కాయని ఆవిడ తీసి మొహం మీద ఆడించి కసిరింది కూడా. మాకు ఆలస్యమైపోతోందని గైడు పిలిస్తే వాడు లేవడే!

ఆ రాత్రి మఠంలో పడక, మనిషికి మూడు దుప్పట్లు. చీకట్లో బావ వాళ్ల ముత్తాత సంగతి ఎత్తాడు. రంగంలో, అంటే అప్పటి రంగూన్, ఇప్పటి మా యాంగోన్‌లోనే, రేవులో బస్తాలు మోశాడట. మన కోస్తావాళ్లకి అది రంగం. ఇక్కడివాళ్లకి మనవాళ్లు కోరంగి రేవు పేరుమీద కోరింగీలు. 1942లో జపాను సైన్యం వస్తుంటే లక్షలమంది భారతీయులు అరకాన్ కొండల మీదుగా, మణిపూర్ వైపుగా నడిచి బయటపడ్డారు. కలరాతో, ఆకలితో దారిలోనే వేలమంది పోయారు.

"ఎన్నాళ్లు నడిచాడు బావా?"

"మా తాతకీ సెప్పనేదట్రా. నడిసొచ్చీసినాను అన్నాడట, అంతే."

గుమ్మం దగ్గర మా కొత్త బూట్లు వరసగా ఉన్నాయి. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత గుంటూరువాడి గురక మొదలైంది.

మూడోరోజు నాకు తెలిసిందొకటుంది. ఏడాదిగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం, కరెంటు బిల్లు తప్ప మాట్లాడుకున్నది లేదు. ఇరుకు దారిలో ముందువాడి వీపు చూస్తూ నడుస్తుంటే ఎక్కడెక్కడి మాటలో వస్తాయి. మా హైదరాబాదువాడు ఇంటర్ తప్పిన సంగతి, వాళ్ల నాన్నతో మాట్లాడక నాలుగేళ్లయిన సంగతి, అన్నీ ఆ ఎర్రమట్టి దిగుడులో మా వెనకనుంచే చెప్పాడు. ఎవరం వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆపేసేవాడు.

చివరికి నీళ్లు! పొడుగు పడవెక్కాం. సరస్సులో ఇంతా తెగ జాలరులు ఒంటికాలి మీద నిలబడి, రెండోకాలు తెడ్డుకి మెలిపెట్టి తోస్తున్నారు. నీళ్లమీద తేలే మళ్లలో టమాటాలు కాస్తున్నాయి. మావాళ్లు అన్నిటికీ ఫొటోలు తీశారు. నేను ఆ కాళ్లనే చూస్తూ కూర్చున్నాను. మూడురోజులుగా కాళ్ల గురించి తప్ప దేని గురించీ ఆలోచించనివాణ్ణి, ఇంకేం చూస్తాను!

పెద్దావిడ దగ్గర కొన్న కిలో మిరపకాయలు గుంటూరువాడి సంచిలో బోటాటౌంగ్ చేరాయి, నాలుగంతస్తులూ ఎక్కాయి. మిక్సీలో కారం కొట్టి మర్నాడు పప్పులో వేశాం. రంగుంది, ఘాటు లేదన్నాడు మళ్లీ. బాగుందని చచ్చినా ఒప్పుకోడు. మూడోసారి వడ్డించుకున్నాడు వెధవ.