ముక్కలైన కీట్స్ చేతిరాత

ఆంగ్ల కవి జాన్ కీట్స్ 1821లో, 25 ఏళ్ల వయసులో, రోమ్‌లో క్షయవ్యాధితో కన్నుమూశారు.
తరువాతి కాలంలో ఆయన చేతిరాతకు గిరాకీ పెరగగా, మిత్రుడు చార్లెస్ కౌడెన్ క్లార్క్ తన దగ్గరున్న ఒక కవిత చిత్తుప్రతిని, అంటే కొట్టివేతలూ దిద్దుబాట్లూ ఉన్న తొలి రాతను, కత్తిరించి ఆ ముక్కలను జ్ఞాపికలుగా పంచిపెట్టారు.

ప్రేమతో చేసిన పనే అయినా దానివల్ల ఆ కవితకు తీరని నష్టమే జరిగింది. కవి ఏ మాట కొట్టేసి ఏ మాట రాశారో తెలుసుకోగోరే పరిశోధకులు చెల్లాచెదురైన ఆ ముక్కలను వెదికి మళ్లీ వరుసలో పేర్చుకోవలసి వచ్చింది.

ఉత్తరాల సంగతి ఇంకా సున్నితమైనది.
ఆ రోజుల్లో విడిగా కవరు వాడకుండా, రాసిన కాగితాన్నే మడిచి, లక్కతో అతికించి, పైమడత మీద చిరునామా రాసేవారు కనుక, తేదీ వేయని ఉత్తరం ఎప్పటిదో చాలాసార్లు ఆ మడతపై పడిన తపాలా ముద్రను బట్టే తెలుస్తుంది. ఆ భాగాన్ని చించితే ఆ ఆధారమూ పోయినట్టే.

ప్రియురాలు ఫానీ బ్రాన్‌కు కీట్స్ రాసిన ప్రేమలేఖలు 1885లో లండన్‌లో వేలానికి వచ్చినప్పుడు రచయిత ఆస్కార్ వైల్డ్ నొచ్చుకుని ఒక సానెట్, అనగా 14 పాదాల కవిత, రాశారు. ఆ బాధ న్యాయమైనదే.
అయితే అమెరికన్ కవయిత్రి ఎమీ లోవెల్ ఎంతో ఇష్టంగా కూడబెట్టిన కీట్స్ ప్రతులు, 1925లో ఆమె మరణానంతరం, ఆమె కోరిక ప్రకారమే హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చేరి పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి.

ఒకే ఒక్క వ్యక్తి కోసం కవి రాసిన ఉత్తరాన్ని కొనడం, చదవడం, అచ్చువేయడం ఎంతవరకు సమ్మతమో చదువరులు తమ అభిప్రాయాలను ఇక్కడ తెలియజేయగలరు.