బాగైనోళ్ల లెక్క

పెబ్బేరు నుంచి హైవే మీద ఎటు పోయినా ఏదో ఒక ఊళ్లో ‘పుత్తూరు కట్టు’ బోర్డు కనిపిస్తది. తిరుపతి దగ్గరి పుత్తూరు పేరు అది. ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన, వెదురు బద్దలు, పైన గుడ్డ. ఆ చదువు తండ్రి వేళ్ల నుంచి కొడుకు వేళ్లకు పోతుంది. కాగితం మీదికి రాదు.

హ్యూ ఓవెన్ థామస్ (1834–1891) గురించి చదువుతుంటే ఈ బోర్డులే గుర్తొచ్చాయి. బ్రిటన్‌లో ఎముకల వైద్యానికి పునాది వేసినవాళ్లలో ఆయనొకడు. పుట్టింది మాత్రం వేల్స్‌లో, తరతరాలుగా కట్లు కట్టే ఇంట్లో. తండ్రి ఎవాన్‌ది లివర్‌పూల్‌లో పెద్ద పేరే. చదువుకున్న డాక్టర్లు ఊరుకుంటారా, కోర్టుకు లాగారు. ఆయన ఐదుగురు కొడుకులనూ డాక్టర్లను చేశాడు.

హ్యూకు తండ్రితో పొసగలేదు, వేరుపడ్డాడు. కానీ ఆ ఇంటి నైపుణ్యాన్ని వదల్లేదు. తన దగ్గరే కమ్మరిని, తోలుపని వాళ్లను పెట్టుకుని ఒక్కో మనిషి కొలతకు స్ప్లింట్లు చేయించాడు. ఆదివారాలు బీదలకు ఉచితంగా చూసేవాడు. తుంటి, మోకాలు, చీలమండ జబ్బుల మీద 1875లో పుస్తకం తెచ్చాడు. తనకంటే ముందు ఇంట్లో ఎవరూ చేయని పని అది: చూసిన కాళ్లను రాసిపెట్టడం. బతికుండగా పెద్దగా పట్టించుకున్నోళ్లు లేరు. భార్య మేనల్లుడు రాబర్ట్ జోన్స్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆ స్ప్లింట్‌ను ముందుకు తెచ్చాకే తొడ ఎముక విరిగిన సైనికుల చావులు తగ్గాయి.

మా పెద్దనాయన పెబ్బేరు సంతలో ఎద్దు లాగితే పడ్డాడు, మణికట్టు విరిగింది. మూడు కట్లు కట్టించుకున్నాడు. నొప్పి పోయింది, పిడికిలి మాత్రం మూసుకోలేదు. మళ్లీ పోయి చూపించుకొమ్మంటే పెద్దమ్మే అడ్డం పడింది: “ఊకోండ్రి, అన్నం కలుపుకుంటలేడా?”

ఆయన మళ్లీ పోలేదు. అంటే ఆ కట్టు కట్టినాయన లెక్కలో మా పెద్దనాయన బాగైనోడే. నాకు కట్టు మీద కోపం లేదు, చాలామందికి అతుకుతుంది కూడా. ఎంతమందికి అతకలేదో అడిగితే చూపించడానికి నోటుబుక్కు ఉండదు, అదీ బాధ. పెద్దాసుపత్రులు మాత్రం ఏం తక్కువ? ఎక్స్‌రే తీసి మన చేతికిస్తాయి. అది బీరువా మీద క్యారీబ్యాగులో, రేషన్ కార్డు పక్కన పడి ఉంటది. పెద్దనాయన పోయినంక ఆ బీరువా సర్దినం. కట్టు కట్టించుకున్నట్టు ఒక్క చీటీ కూడా లేదు.