కొరకడంలోని అంతరార్థం

మా విద్యుత్ నిర్వహణ విభాగంలో "కొరికింది" అన్న మాటకు కర్తను వేరుగా చెప్పనక్కరలేదు. కేబుల్ సొరంగంలో ఎక్కడైనా తొడుగు చిరిగి లోపలి తీగ బయటపడితే అది ఎలుక పనేనని అందరూ గ్రహిస్తారు. మూడు దశాబ్దాలకు పైబడిన ఉద్యోగ జీవితంలో ఈ చిన్ని ప్రాణి కారణంగా ఆగిన మోటార్లను, అర్ధరాత్రి మోగిన టెలిఫోన్లను ఎన్నింటినో ఎరుగుదును. ఆ విధంగా ఎలుక దంతాలను గురించి కొంత తెలుసుకోవలసిన అవసరం నాకు వృత్తిరీత్యా కలిగింది.

ఎలుక ముందుపళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ఏడాదికి పది సెంటీమీటర్లకు మించిన పెరుగుదల అది. అరగదీయకపోతే ఆ పళ్ళే దాని నోటిని మూసివేస్తాయి. పంటికి ముందువైపు మాత్రమే గట్టి ఎనామిల్ పొర ఉంటుంది. వెనుకనున్న డెంటిన్ మెత్తనిది. మెత్తని భాగం ముందుగా అరిగిపోవడం వలన గట్టి అంచు ఉలివలె పదునుగా నిలుస్తుంది. కొరికినకొద్దీ పదునెక్కే పనిముట్టు ఇది. దంతాల ఎనామిల్ రాగి కన్నా, అల్యూమినియం కన్నా కఠినమైనది గనుక పీవీసీ తొడుగు దానికి ఒక లెక్క కాదు. ఉక్కు తీగల కవచం గల కేబుళ్ళను వాడడం, కేబుళ్ళు గోడలోనికి ప్రవేశించే రంధ్రాలను పకడ్బందీగా మూసివేయడం ఇందువల్లనే అవసరమవుతున్నాయి.

ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉన్నది. ఇదే కొరికే పనిని పూర్తిగా వేరైన కారణాలతో చేసే జీవిని 2023 వేసవిలో సన్నిహితంగా పరిశీలించే అవకాశం నాకు లభించింది. ఆ సంవత్సరం రెండు నెలల సెలవు తీసుకొని, సతీసమేతంగా అమెరికాలో డల్లాస్ నగర శివారున నివసిస్తున్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. ఏడేళ్ళ మా మనుమరాలు ఒక హెడ్జ్‌హాగ్‌ను పెంచుకుంటున్నది. దాని పేరు పికిల్స్. మా శ్రీమతి మాత్రం దానిని మొదటి రోజు నుండే "ఆవకాయ" అని పిలిచింది.

హెడ్జ్‌హాగ్ అనగానే మనకు ఏదుపంది గుర్తుకు వస్తుంది. రెండింటికీ ముళ్ళున్నాయి, పోలిక అంతటితో సరి. ఏదుపంది ఎలుకల వర్గానికి చెందినది, దాని ముందుపళ్ళు కూడ నిరంతరం పెరిగేవే. అడవిలో అది ఎముకలను సైతం కొరుకుతుంది. హెడ్జ్‌హాగ్ మన ఇళ్ళలో తిరిగే చుంచెలుకకు దూరపు బంధువు. పురుగులు దాని ముఖ్యాహారం. మన దక్షిణ భారతదేశపు మెట్ట ప్రాంతాలలో కూడ మద్రాసు హెడ్జ్‌హాగ్ అనే జాతి ఉన్నది. అది అడవిలో ఉండవలసిన ప్రాణి. మా మనుమరాలి వద్ద ఉన్నది ఆఫ్రికా సంతతికి చెందిన చిన్న జాతి. శాస్త్రీయ నామం అటెలెరిక్స్ ఆల్బివెంట్రిస్. నోటిలో 36 పళ్ళు. మన శాశ్వత దంతాల వలెనే అవి ఒకసారి వచ్చిన తరువాత పెరగవు, పోతే తిరిగి రావు.

మేము వెళ్ళిన నాటికి ఇంట్లో ఒక చిన్న వివాదం నడుస్తున్నది. పికిల్స్ రాత్రి పొడుగునా పంజరపు ఊచలను కొరుకుతున్నది. ఆ చప్పుడుకు నిద్ర పట్టక, దానిని ఎవరికైనా ఇచ్చివేద్దామని మా అమ్మాయి అంటున్నది. మనుమరాలి కన్నీళ్ళు సరేసరి. "పళ్ళు పెరిగి బాధపడుతోందేమో మామయ్యగారూ" అని మా అల్లుడు ఎలుకల కోసం అమ్మే కొయ్యముక్కను కొని తెచ్చాడు. పికిల్స్ దానిని వాసన చూసి, కాసేపు నాకి, నమిలి, నోటినిండా తెల్లని నురుగు తెచ్చుకొని, మెడను విపరీతంగా వెనుకకు త్రిప్పి ఆ నురుగును తన ముళ్ళకు పూసుకున్నది. విషమేదో తిన్నదని ఇంటిల్లిపాదీ భయపడి పశువైద్యురాలి వద్దకు తీసుకొని పోయారు.

ఆమె నవ్వి, ఇది ఈ జాతికి సహజమైన ప్రవర్తన అని వివరించింది. క్రొత్త వాసన తగిలినప్పుడు హెడ్జ్‌హాగ్ ఆ వస్తువును నమిలి, లాలాజలంతో కలిపి ఒంటికి పూసుకుంటుంది. కప్ప చర్మంలోని విషాన్ని కూడ ఇలా ముళ్ళకు పట్టించుకుంటుందని 1977లోనే ఒక శాస్త్రవేత్త ప్రకటించాడు. ఇక ఊచలను కొరకడానికి పళ్ళతో సంబంధం లేదు. అడవిలో రాత్రివేళ చాలా దూరం నడిచి ఆహారాన్ని వెదకుకునే జీవిని చిన్న పెట్టెలో ఉంచితే అది బయటకు దారి వెదకుతుంది. కొయ్యముక్కలు, ఊచలు కొరికితే ఈ పళ్ళు విరుగుతాయే కాని పదునెక్కవు. పెద్ద పంజరం, పరుగెత్తడానికి చక్రం, రాత్రివేళ వెదకి తినేలా అక్కడక్కడ దాచిన పురుగులు - ఇవి ఆమె సూచించిన మందులు. వారం రోజులలో ఊచల చప్పుడు ఆగిపోయింది. చక్రం తిరిగే చప్పుడు మిగిలింది గాని, దానికి ఎవరూ ఆక్షేపణ చెప్పలేదు.

కథ ఇక్కడితో ముగిస్తే బాగుండేది. నిర్వహణ విభాగంలో పనిచేసిన వానికి లాగ్‌బుక్ వ్రాయనిదే తోచదు. ప్రతి సాయంత్రం దాని బరువును, పెట్టిన మేతను, మిగిల్చిన మేతను ఒక నోటుపుస్తకంలో వ్రాయడం మొదలుపెట్టాను. వంటింటి త్రాసుపై అది బంతిలా ముడుచుకొని కూర్చునేది. మనుమరాలు అంకె చదివేది. మొదట అంతా సవ్యంగానే ఉన్నది. మూడవ వారం నుండి గట్టి మేత పళ్ళెంలో మిగలసాగింది, మెత్తనిది మాత్రం పూర్తయ్యేది. ఏమీ లేకున్నా ఖాళీ నోటిని నములుతున్నది. అప్పుడప్పుడు ముంగాలితో దవడను గీరుకుంటున్నది. పదకొండు రోజులలో బరువు 432 గ్రాముల నుండి 396 గ్రాములకు దిగింది. చూపులకు మాత్రం ఏ మార్పూ లేదు. "పాత అలవాటు మళ్ళీ మొదలైంది" అని ఇంట్లో అనుకుంటున్న తరుణంలో నేను ఆ పుటను అందరి ముందు ఉంచాను. మరునాడే వైద్యురాలిని కలిశాము.

ముడుచుకున్న హెడ్జ్‌హాగ్ నోటిని తెరచి చూడడం సాధ్యం కాదు గనుక దానికి వాయురూపంలో మత్తు ఇచ్చారు. క్రింది దవడలో ఒక పన్ను కదులుతున్నది. దాని మొదట్లో చిగురు వాచి ఉన్నది. అక్కడి కణజాలాన్ని పరీక్షకు పంపారు. అది కాన్సర్ అని తేలింది. మూడేళ్ళు దాటిన పెంపుడు హెడ్జ్‌హాగ్‌లలో నోటి కాన్సర్ అరుదు కాదని, ఎముకకు ప్రాకినందున కోసి తీసినా పూర్తిగా పోదని ఆమె సౌమ్యంగా చెప్పింది. నొప్పి తగ్గించే మందు, మెత్తని ఆహారం, తినలేని రోజు వచ్చినప్పుడు బాధలేని ముగింపు - ఇంతవరకే చేయగలిగినది.

ఆ సాయంత్రం మనుమరాలు నా ప్రక్కన కూర్చొని, "తాతయ్యా, మనం ఇంకా ముందే చూసి ఉంటే బ్రతికేదా?" అని అడిగింది. ఉద్యోగంలో ఎందరో పై అధికారులు అడిగిన ప్రశ్నలకు జవాబు చెప్పాను గాని, ఇంత కష్టమైన ప్రశ్న ఎదురుకాలేదు. నోటుపుస్తకం తెరచి, "చూడు తల్లీ, ఈ రోజు వరకు అది అన్నీ తిన్నది. ఈ రోజు నుండి తినలేదు. అది మనకు చెప్పిన మొదటి రోజులలోనే మనం విన్నాము" అన్నాను. ఆ పాప అంకెలన్నింటినీ వ్రేలితో ఒక్కొక్కటిగా చదివింది. తరువాత ఏడ్చింది. ఏడ్వనిచ్చాము.

మేము తిరిగి వచ్చిన రెండు వారాలకు అమ్మాయి ఫోను చేసింది. చివరి రెండు రోజులు తప్ప పికిల్స్ ఐదు వారాల పాటు మెత్తని మేత తిన్నదట, చక్రం తిప్పిందట. అంతిమ నిర్ణయం తీసుకున్నప్పుడు పాప కూడ దగ్గరే ఉన్నదట.

యంత్రాలకు, ప్రాణులకు పోలిక తేవడం నాకిష్టం ఉండదు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. కొన్ని లోపాలను మనం బాగు చేయలేము. ముందుగా కనుగొంటే ఆ యంత్రాన్ని మన నిర్ణయం మేరకు, సిద్ధపడి ఆపగలుగుతాము. లేకుంటే అది తానై అకస్మాత్తుగా ఆగి చుట్టుప్రక్కలవారిని గాయపరుస్తుంది. ఆ ఐదు వారాలూ ఆ ప్రాణికి, ఆ బిడ్డకు దక్కడం చిన్న విషయమని నేననుకోను.

ఇంట్లో ఏ జంతువును పెంచుతున్న మిత్రులకైనా నా విన్నపం ఒక్కటే. వారానికొకసారి తూచండి. అది ఏమి తిన్నదో చూడడంతోపాటు ఏమి మిగిల్చిందో కూడ చూడండి. కొరికితే అల్లరి అని అదలించే ముందు ఏ వేళ, దేనిని, ఎలా కొరుకుతున్నదో నాలుగు రోజులు వ్రాసిపెట్టండి. మాట రాని జీవి తన నోటితో చెప్పగలిగినది అంతే.

ఆ నోటుపుస్తకం ఇప్పుడు మనుమరాలి వద్దనే ఉన్నది. ఆ ఇంటికి క్రొత్తగా ఒక కుందేలు వచ్చిందట. పాప క్రొత్త పుట తీసి, మొదటి పంక్తిలో బరువు, రెండవ పంక్తిలో "దీని పళ్ళు పెరుగుతూనే ఉంటాయి, ఎండుగడ్డి ఎప్పుడూ ఉండాలి" అని వ్రాసుకున్నదని అమ్మాయి చెప్పింది.